క్వాలిస్ తర్వాత ఏ బండి?

బాగేపల్లికి రైలు లేదు. ఈ ఒక్క మాట చెబితే మన వైపు కుటుంబాలకు పెద్ద బండి ఎందుకు కావాలో సగం చెప్పినట్టే. రైలెక్కాలంటే హిందూపురమో, గౌరిబిదనూరో, చిక్కబళ్ళాపురమో చేరుకోవాలి. ఊరి పక్కనే పోయే రహదారి మాత్రం దేశంలో పెద్దవాటిలో ఒకటి. ఒకప్పుడు 7వ నంబరు, ఇప్పుడు 44వ నంబరు. దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్లు పోతే బెంగళూరు. ఉత్తరంగా కాస్త దూరం పోతే కొడికొండ చెక్‌పోస్టు, దాని అవతల ఆంధ్రదేశం. మన చుట్టరికాలు ఆ గీతకు అటూ ఇటూ ఉన్నాయి. పెళ్ళి హిందూపురంలో, పెద్దాసుపత్రి బెంగళూరులో, మొక్కుబడి కదిరి నరసింహస్వామికి, పట్టుగూళ్ళ బేరం శిడ్లఘట్టలో, టమాటా బేరం చింతామణిలో. ఇంటిల్లిపాదీ ఒకే బండిలో కదలాలంటే అయిదు సీట్ల కారు ఏ మూలకూ చాలదు.

అందుకే మన ఇళ్ళలో కొన్ని బండ్ల పేర్లు చుట్టాల పేర్లలాగా నిలిచిపోయాయి. 1994లో టాటా సుమో వచ్చింది. 2000లో క్వాలిస్, బొలెరో రెండూ వచ్చాయి. 2002లో స్కార్పియో, 2005లో క్వాలిస్ స్థానంలో ఇన్నోవా. క్వాలిస్ మన పక్కనే, బెంగళూరు శివారు బిడదిలో తయారైన బండి. అమ్మింది అయిదేళ్ళే అయినా ఇప్పటికీ అక్కడక్కడా తిరుగుతూ కనిపిస్తుంది. ఆ కాలంలో కొన్న బండ్లన్నీ ఇప్పుడు ఇరవై దాటాయి. 'దీన్ని ఇంకా ఉంచుకోవాలా, మార్చాలా, మారిస్తే ఏది?' అన్న ప్రశ్న ఒకేసారి చాలా ఇళ్ళలో తలెత్తింది. ఈ మధ్య మన వాళ్ళు ఎక్కడ కలిసినా పిల్లల చదువుల తర్వాత వినిపించే మాట ఇదే. మా పెదనాయన ఇంట్లో ఈ సంగతి తేలడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో తిరిగిన షోరూములు, వేసిన లెక్కలు పాఠకులకు పనికివస్తాయని ఈ వ్యాసం.

పెదనాయన 2003లో క్వాలిస్ కొన్నారు. పదిహేనేళ్ళకు, అంటే 2018లో, రిజిస్ట్రేషను గడువు అయిపోతే బండి చూపించి అయిదేళ్ళకు పొడిగించారు. 2023లో మళ్ళీ పొడిగించారు. మొదటిసారి రుసుము వందల్లో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు అది అయిదు వేలయింది. 2025 ఆగస్టులో కేంద్రం ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు పదివేలు చేసింది. ఢిల్లీలో పదేళ్ళు నిండిన డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షలు విని మన వైపు చాలామంది కంగారుపడి బండ్లు అగ్గువకు అమ్ముకున్నారు. ఆ ఆదేశాలు ఢిల్లీ ప్రాంతానివి. కర్ణాటకలో వయసు ఒక్కటే చూసి ఎవరూ బండి గుంజుకోరు. తనిఖీలో నెగ్గితే తిప్పుకోవచ్చు.

"మారుస్తానంటావేమప్పా, దీనికేమొచ్చింది?" అన్నారు పెదనాయన.

"ఏమీ రాలేదు పెదనాయనా, వయసైంది."

"వయసు నాకూ అయింది. నన్నూ మారుస్తావా?"

దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు ఆయన మాటలో కాదు, రోడ్డు మీద దొరికింది. 2023 అక్టోబరు 26 ఉదయం చిక్కబళ్ళాపురం దగ్గర మంచులో, ఆగి ఉన్న ట్యాంకరును బాగేపల్లి వైపు నుంచి పోతున్న టాటా సుమో గుద్దుకుని పదముగ్గురు చనిపోయిన సంగతి పాఠకులు మరచి ఉండరు. కూలి కోసం బెంగళూరు పోతున్న ఆంధ్ర వాళ్ళు, మన పక్క పల్లెల జనం. ఆ రోడ్డు మీద చలికాలపు తెల్లవారుజాములలో మంచు ఎలా దిగుతుందో మనందరికీ తెలుసు. ఆ ప్రమాదానికి బండి పాతది కావడమే కారణమని నేను అనడం లేదు. మంచు ఉంది, రోడ్డు మీద నిలిపిన లారీ ఉంది, బండిలో పట్టనంత మంది ఉన్నారు. కానీ ఆ వారం మా వదిన అడిగిన ప్రశ్న మాత్రం మా ఇంట్లో తిరిగి తిరిగి వినిపించింది: "మన బండిలో వెనక కూర్చునే పిల్లలకు ఏం పట్టుకొమ్మని చెప్పాల?" క్వాలిస్ వెనక సీటులో పిల్లలకు బెల్టు లేదు. అది ఆ కాలపు బండి, ఆ కాలంలో ఎవరూ అడగలేదు.

ఇక్కడ కొన్ని తేదీలు గుర్తుపెట్టుకుంటే మేలు. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మన దేశంలో కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. డ్రైవరు ముందు గాలిసంచి, అదే ఎయిర్‌బ్యాగు, 2019 జూలై నుంచి. డ్రైవరు పక్క సీటుకు కూడా ఉండాలన్న నియమం 2021 చివరికి అన్ని మోడళ్ళకూ వచ్చింది. పాత బండి కొనేవాళ్ళు ముందుగా తయారీ నెల చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మైలేజీ, రంగు, పాటల పెట్టె తర్వాత చూసుకోవచ్చు.

2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో కార్లను గోడకు గుద్ది నక్షత్రాలు ఇస్తున్నారు. అంతకుముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే విదేశీ సంస్థ ఇచ్చేది. మహీంద్రా ఎక్స్‌యూవీ 700కు 2021లో, స్కార్పియో-ఎన్‌కు 2022లో అయిదు నక్షత్రాలు వచ్చాయి. 2025లో ఇన్నోవా హైక్రాస్‌కూ భారత్ పరీక్షలో అయిదే. 2024లో కియా కారెన్స్‌కు పెద్దల భద్రతలో మూడు, బొలెరో నియోకు ఒకటి, మారుతి ఎర్టిగాకు ఒకటి వచ్చాయి. ఎర్టిగాలో 2025 జూలై నుంచి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాలకూ పెట్టారు. ఎయిర్‌బ్యాగులు పెరగడం మంచిదే కాని, దానితో బండి చట్రం మారిపోదు. ఆ తేడా షోరూములో ఎవరూ చెప్పరు, మనమే గుర్తుంచుకోవాలి.

మా వాళ్ళకు మొదట కన్ను పడింది కారెన్స్ మీద. కారణం అభిమానం. కియా కర్మాగారం మనకు కొత్తది కాదు. అదే 44వ నంబరు రోడ్డు మీద, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, 2019లో మొదటి సెల్టోస్ బయటికి వచ్చిన చోటు. కరువుకు పేరుపడ్డ ఆ నేల మీద నుంచి కొత్త కార్లు లారీలకెక్కి మన టోల్‌గేటు దాటి పోతుంటే చూడటం ముచ్చటగానే ఉంటుంది. "మన పిల్లోళ్ళ చేతులు పడిన బండి" అన్నాడు మా అన్న. మాట బాగుంది. కాని కర్మాగారం దగ్గరుంటే సర్వీసు దగ్గరున్నట్టు కాదు. బండి తయారయ్యే చోట మన బండికి ఆయిలు మార్చరు. అందుకు వేరే సర్వీసు కేంద్రానికే పోవాలి. ఏ కంపెనీ బండి అయినా కొనే ముందు చిక్కబళ్ళాపురం, హిందూపురం, బెంగళూరు, ఈ మూడింటిలో సర్వీసు ఎక్కడ దొరుకుతుందో, ఒక పూట పని మానుకుని పోయి కళ్ళారా చూసి రండి. చేతిలో పాత రసీదు ఉన్న ఒక ఖాతాదారును పలకరిస్తే, అమ్మేవాళ్ళు గంటసేపు చెప్పనిది అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంకొక సంగతి. కంపెనీ దేశంలో ఉంటుందా అన్నది కూడా చూడాలి. షెవర్లే టవేరా నడిపిన కుటుంబాలు మన వైపు ఎన్నో ఉన్నాయి. జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డు 2021లో ఇక్కడ తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది. రెండింటి బండ్లూ దృఢమైనవే. అయినా పదిహేనేళ్ళు ఉంచుకుందామనుకునే బండికి పన్నెండో ఏట ఒక చిన్న రబ్బరు ముక్క దొరకాలి. క్వాలిస్ ఇన్నేళ్ళు నడిచిందంటే దాని ఇంజను ఒక్కటే కారణం కాదు, ఊరి మెకానిక్కుకు అది తెలిసిన బండి కావడం కూడా.

డీజిలా, పెట్రోలా అన్నది మా ఇంట్లో పెద్ద తగువు. దీన్ని కోపతాపాలతో కాక కాగితం మీద తేల్చుకోవాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి డీజిలు లీటరు తొంభై, పెట్రోలు వంద అనుకుందాం. ఒకే పరిమాణం గల ఏడు సీట్ల బండి డీజిలుతో పదిహేను కిలోమీటర్లు, పెట్రోలుతో పన్నెండు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు డీజిలు ఆరు రూపాయలు, పెట్రోలు ఎనిమిది రూపాయల ముప్ఫయి మూడు పైసలు. మిగులు రెండు రూపాయల ముప్ఫయి మూడు పైసలు. డీజిలు బండికి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టామంటే, ఆ లక్ష తిరిగి రావాలంటే సుమారు నలభై మూడు వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు వెయ్యి తిరిగేవాళ్ళకు మూడున్నరేళ్ళు. అయిదు వందలు తిరిగేవాళ్ళకు ఏడేళ్ళు. బెంగళూరులో ఆఫీసుకు మెట్రోలో పోయి, ఆదివారం మాత్రం బండి తీసే మన సభ్యులకు డీజిలు దండగ.

దండగే కాదు, తలనొప్పి కూడా. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. ఆ మసి నిండినప్పుడు బండి దాన్ని తనంతట తానే కాల్చేసుకుంటుంది. అలా కాలాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. రోజూ ఇంటి నుంచి బడికి, బడి నుంచి అంగడికి రెండేసి కిలోమీటర్లు తిప్పేవాళ్ళకు ఆ జల్లెడ మూసుకుపోయి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. బాగేపల్లి వాళ్ళకు ఈ బాధ తక్కువ. ఇంటి నుంచి బయటపడితే హైవేనే. వారానికోసారి చిక్కబళ్ళాపురం పోయివస్తే జల్లెడ శుభ్రపడుతుంది. ఒకే బండి బసవనగుడిలో తప్పుడు ఎంపిక, బాగేపల్లిలో సరైన ఎంపిక కావడం ఇలాగే.

పెట్రోలు కొనేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు దానికి తగినట్టు వచ్చాయి. అంతకు ముందటి పెట్రోలు బండి కొంటే రబ్బరు గొట్టాలు ఎలా ఉన్నాయో మెకానిక్కు చేత చూపించడం మంచిది. మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది.

హైబ్రిడ్ గురించి రెండు మాటలు. హైక్రాస్‌లో పెట్రోలు ఇంజనుకు తోడు ఒక విద్యుత్ మోటారు ఉంటుంది. ప్లగ్గు పెట్టి చార్జి చేయనక్కరలేదు. నడిచేటప్పుడు, బ్రేకు వేసినప్పుడు తానే నింపుకుంటుంది. ఆగుతూ సాగే సిటీ ట్రాఫిక్కులోనే దాని గొప్ప. మా పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమె ఎక్కి కూర్చుని "ఇదే బాగుండాది" అన్నది ఆ ఒక్క బండినే. నేల ఎత్తు తక్కువ, కాలు ఎక్కువ లేపక్కర్లేదు. స్కార్పియో-ఎన్ దగ్గర ఆమె ఒక అడుగు వేసి, రెండోది వేయకుండా దిగేసింది. పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళలో వాళ్ళను షోరూముకు తీసుకుపోకుండా బండి కొనవద్దని నా మనవి. మగవాళ్ళు ముందు సీటులో కూర్చుని స్టీరింగు తిప్పి నిర్ణయం చేస్తారు. బండిలో వెనక కూర్చుని పదేళ్ళు తిరగవలసినది ఆడవాళ్ళు, పిల్లలు. కాని హైక్రాస్ హైబ్రిడ్ రకం పాతిక లక్షలు దాటుతుంది. పన్ను కలిపితే ముప్ఫయి. తోట తాకట్టు పెట్టి కారు కొనే వంశం కాదు మాది అన్నారు పెదనాయన. ఆ మాటతో అది అక్కడికి ముగిసింది.

బ్యాటరీ బండ్ల మాట కూడా వచ్చింది. 2025 జూలైలో అదే పెనుకొండ నుంచి కారెన్స్ క్లావిస్ విద్యుత్ రకం వచ్చింది. సొంత ఇల్లు, ఇంట్లో చార్జింగు ఉండి, పోయివచ్చే దూరం బెంగళూరు వరకే అయితే ఆలోచించదగినదే. మా అన్న మాత్రం, రాత్రి కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని తోటింట్లో దాన్ని ఎక్కడ కట్టేయాలి అన్నాడు.

ఇక పన్ను. మన కర్ణాటకలో కారు కొనేవాళ్ళకు జీవితకాలపు పన్ను గట్టిది. కొన్నేళ్ళుగా ఉన్న లెక్క ప్రకారం అయిదు నుంచి పది లక్షల మధ్య ధరకు 14 శాతం, పది నుంచి ఇరవైకి 17, ఇరవై దాటితే 18. ఆ పన్ను మీద మళ్ళీ 11 శాతం సెస్సు. పదిహేను లక్షల బండికి పన్ను రెండు లక్షల యాభై అయిదు వేలు, సెస్సు ఇరవై ఎనిమిది వేల యాభై, మొత్తం రెండు లక్షల ఎనభై మూడు వేల పైచిలుకు. పది లక్షల గీతకు ఇవతలున్న బండికి, అవతలున్న బండికి ధరలో కొద్ది తేడా ఉన్నా పన్నులో ముప్ఫయి వేలకు పైగా తేడా పడుతుంది. బేరమాడేటప్పుడు ఈ గీత మనసులో ఉంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారి, పెద్ద కార్లకు సెస్సు తీసేసి 40 శాతంగా చేయడంతో అంతకు ముందుకన్నా ధరలు దిగాయి. కొత్త బండి ధర దిగినప్పుడు పాత బండి ధర కూడా దిగాలి. అమ్మేవాళ్ళు మాత్రం ఇంకా పాత ధరలే చెబుతుంటారు.

హిందూపురంలో మేనమామ చిరునామా మీద బండి రిజిస్టరు చేయించుకుంటే తేడా మిగులుతుందని చెప్పే మహానుభావులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. అప్పుడు ఇక్కడి పన్ను ఎలాగూ తప్పదు. అక్కడ కట్టినదాన్ని తిరిగి రాబట్టుకోవడానికి తిరిగే తిరుగుడు వేరే. సరిహద్దులో ఉన్నవాళ్ళం, తనిఖీలు మనకే ఎక్కువ.

ఈ పన్ను లెక్కే చివరికి మా ఇంట్లో దారి చూపింది. కర్ణాటకలోనే రిజిస్టరయిన పాత బండికి జీవితకాలపు పన్ను మొదటి యజమాని కట్టేసి ఉంటాడు. అది బండితోపాటే వస్తుంది. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టాలో 2019 ఏప్రిల్ తర్వాతది, 2020 ఏప్రిల్‌కు ముందుది దొరికితే మూడు సంగతులు కలిసివస్తాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. మసి జల్లెడ బెడద ఉండదు. రిజిస్ట్రేషను ఇంకా ఎనిమిది, తొమ్మిదేళ్ళు నడుస్తుంది. లారీలాగా కింద నిచ్చెన చట్రం ఉన్న బండి కనుక తోట దారిలోనూ భయం లేదు. దానిలోనూ లోటు ఉంది. నేల ఎత్తు. పెద్దమ్మ కోసం పక్కన అడుగుపట్టీ బిగించి, పైన పట్టుకునే పిడి చూపించాక ఆమె, "సరే, తిరపతికి పోయేదానికి చాలు" అన్నది.

వెతకడంలో మూడు నెలలు పోయాయి. మొదట చూసిన బండి మీటరులో యాభై వేలు చూపించింది. బ్రేకు పెడలు రబ్బరు, డ్రైవరు సీటు అంచు మాత్రం లక్షన్నర తిరిగినట్టు అరిగి ఉన్నాయి. రెండోదానికి కాగితాలలో బ్యాంకు అప్పు తీరినట్టు రాయలేదు. మూడోది ట్యాక్సీగా తిరిగి తెల్ల నంబరు పలకకు మారినది. నాలుగోది బెంగళూరులో ఒక రిటైరయిన ఇంజనీరుగారిది. సర్వీసు రసీదులు ఏడాది వారీగా దారంతో కట్టి పెట్టారు. మెకానిక్కును వెంట తీసుకుపోయాం. అతనికి ఒక రోజు కూలి, బిర్యానీ భోజనం ఖర్చు. మొత్తం కొనుగోలులో ఇంత లాభసాటి ఖర్చు మరొకటి లేదని నా ఉద్దేశం. అతను చల్లగా ఉన్న ఇంజనునే స్టార్టు చేయమన్నాడు. ముందే వేడెక్కించి పెట్టిన బండి లోపం దాచుకుంటుందట. తర్వాత కిందికి దూరి చట్రం మీద వెల్డింగు మచ్చలు వెతికాడు. తలుపుల అంచుల రబ్బరు లాగి లోపలి రంగు చూశాడు. నైస్ రోడ్డు మీద ఒకసారి చేయి వదిలి బండి ఎటు లాగుతుందో చూశాడు. ఇన్సూరెన్సు క్లెయిముల వివరాలు యజమానే తెప్పించి ఇచ్చారు.

క్వాలిస్‌ను తుక్కుకు ఇస్తే ప్రభుత్వం గుర్తించిన కేంద్రం ఒక ధ్రువపత్రం ఇస్తుంది. దానితో కొత్త బండి పన్నులో రాయితీకి కేంద్ర నియమాలు వీలు కల్పించాయి. మేము కొన్నది కొత్త బండి కాదు కనుక అది మాకు పనికిరాలేదు. 2028 వరకు దానికి గడువు ఉంది. తోటకు, పాలకేంద్రానికి పెదనాయన దానిలోనే పోతున్నారు. పిల్లలను మాత్రం ఎక్కించుకోకూడదని వదిన షరతు పెట్టింది.

పాత బండి కొనేవాళ్ళు చివరి పనిని వాయిదా వేయకూడదు. డబ్బు ఇచ్చిన రోజే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేయించుకోండి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు పద్నాలుగు రోజులలోపు, కొన్నవారు ముప్ఫయి రోజులలోపు ఆర్టీవో కార్యాలయానికి తెలియపరచాలి. ఇన్సూరెన్సు పేరు మార్పిడికి పద్నాలుగు రోజులే. ఆ కాగితం చేతికి వచ్చాకే తిరుపతి ప్రయాణం పెట్టుకున్నాం. ఫాస్టాగు మాత్రం పాత యజమానిది తీసేసి కొత్తది అంటించుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు మొదట మూడు వేల రూపాయలతో రెండు వందల సార్లు జాతీయ రహదారి టోలు దాటే వార్షిక పాసు వచ్చింది. వారం వారం బాగేపల్లి గేటు దాటేవాళ్ళు ఆ పాసు కొత్త ఫాస్టాగు మీదే తీసుకోండి.